మండవల్లి నుంచి వచ్చిన మూతబల్ల

పెళ్ళయినప్పటి నుంచీ నేను రాసుకున్నదంతా భోజనాల బల్ల మీదే. ఏలూరులో ఒక హైస్కూల్లో తెలుగు చెబుతాను. పిల్లల పేపర్లు దిద్దాలన్నా, నాకోసం నేను నాలుగు ముక్కలు రాసుకోవాలన్నా ముందు పచ్చడి జాడీలు పక్కకి జరపాలి, బల్ల తుడవాలి, మళ్ళీ భోజనాల వేళకి కాగితాలన్నీ ఎత్తేయాలి. మా వారిదీ అత్తయ్యగారిదీ తప్పేం లేదు, ఇల్లు చిన్నది. కానీ యాభై దాటాక నాకొక మొండి కోరిక పట్టుకుంది. నా కాగితాలు నేను పెట్టినచోటే మర్నాటికీ ఉండాలి. మూసి తాళం వేసుకునే బల్ల ఒకటి కావాలి.

అలాంటివి ఉంటాయని ఫోనులో బొమ్మలు చూసి తెలుసుకున్నాను. సెక్రటరీ డెస్క్ అంటారట. మూసి ఉంటే పొట్టి బీరువాలా కనిపిస్తుంది. ముందరి పలక కిందికి దించితే అదే రాసుకునే బల్ల. లోపల ఉత్తరాలకీ కలాలకీ చిన్న చిన్న గూళ్ళు, కింద సొరుగులు. కొత్తవి ఎక్కడ చూసినా చెక్కపొట్టు అట్టలతో చేసినవే. నాకు పాతదే కావాలనిపించింది.

కిందటి వేసవి సెలవుల్లో తాడేపల్లిగూడెంలో ఒక పెళ్ళికి వెళ్ళి వస్తూ, రోడ్డు పక్కన పాత టేకు సామాన్లు అమ్మే కొట్టు చూసి కారు ఆపించాను. గుమ్మాలు, పందిరిమంచాలు, విరిగిన ఉయ్యాల బల్లలు. వాటి వెనకాల గోడకి ఆనించి ఉంది అది. ముందరి పలకని పట్టి ఉంచే ఇత్తడి గొలుసులు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. పలక దించి చెయ్యి ఆనించగానే అది నాకోసమే అక్కడ నిలబడి ఉందనిపించింది.

"మూతబల్లండి మేడం గారూ. బర్మా టేకు. ఇలాంటిది మళ్ళీ దొరకదండి," అన్నాడు కొట్టాయన.

"ఏదో వాసన వస్తోందేమిటండీ?" అన్నారు మా వారు.

"పాత కర్ర కదండీ, మూసి ఉంచాం. నాలుగు రోజులు గాలి తగిలితే పోద్దండి."

కుళ్ళిన వెల్లుల్లి వాసనలాంటిది. నాకూ తెలిసింది. కానీ నేను అప్పటికే ఏ గూట్లో ఏం పెట్టుకోవాలో ఆలోచిస్తున్నాను.

దాన్ని వీధివైపు చిన్న గదిలో, కిటికీ పక్కన పెట్టించాను. గూళ్ళలో కర్పూరం బిళ్ళలు వేశాను. ప్రతి సాయంత్రం కాఫీ తాగి గంటా రెండు గంటలు అక్కడే కూర్చునేదాన్ని. ఆ మొదటి వారం ఎంత సంతోషంగా ఉన్నానో చెప్పలేను. అత్తయ్యగారు గుమ్మంలోంచి తొంగి చూసి, "ఏవమ్మాయ్, ఇంక మాతో మాట్లాడవా?" అని నవ్వేవారు.

రెండో వారంలో చీమలు చచ్చాయి. కాఫీ చుక్క ఒలికితే నల్లచీమలు బారుగా వచ్చాయి. పొద్దున్న చూస్తే ఆ బారు బారంతా ఎక్కడిదక్కడే ఉంది, కదలడం లేదు. చీపురుతో ఊడ్చేశాను. తర్వాత బల్లులు. మా ఇంట్లో ఆ గది నిండా బల్లులే. కిటికీ దగ్గర దీపానికి పురుగులు వస్తాయి, వాటికోసం ఇవి. ఒకరోజు బల్ల వెనకాల తుడుస్తుంటే ఎండిపోయినవి మూడు దొరికాయి. ఇంకోటి నా కళ్ళముందే గోడమీంచి జారి, కాళ్ళు కొట్టుకుంటూ కిందపడింది.

అత్తయ్యగారు బెదిరిపోయారు. "బల్లి మీదపడితే శాస్త్రం ఉంది గానీ అమ్మాయ్, ఇలా చచ్చి రాలడం ఏ పంచాంగంలోనూ లేదు. ఆ బల్ల వచ్చిన దగ్గర్నుంచే ఇదంతా. ఎవరింటిదో ఏమిటో, బయట పెట్టించెయ్యి."

"ఎండలకి చస్తున్నాయండీ," అన్నాను. సైన్సు టీచరు కాకపోయినా బడిలో పనిచేసేదాన్ని కదా, శకునాలకి లొంగుతానా?

నాకు తలనొప్పి మొదలైంది. నోట్లో ఊరికే నీళ్ళూరేవి. సాయంత్రమయ్యేసరికి గదిలో వెలుతురు చాలనట్టుండేది. బల్బు మార్చమన్నాను. మా వారు ఇంకా పెద్దది తెచ్చి పెట్టారు. అయినా మసకగానే ఉంది. "ఇంత వెలుతుర్లో నీకు కనిపించకపోవడం ఏంటి? కళ్ళు చూపించుకో," అన్నారాయన. వయసు మీద పడుతోందనుకున్నాను. బడి తెరిచాక చూపించుకుందాంలే అని ఊరుకున్నాను.

వానలు పడ్డాక ఎడమవైపు సొరుగు బిగుసుకుపోయింది. మా ఇంటి తలుపులూ కిటికీలూ చేసిన వడ్రంగి మేస్త్రిగారిని రమ్మన్నాను. అరవై దాటిన ముస్లిం పెద్దమనిషి, మా వీధి చివర నుంచి రెండో సందులో ఉంటారు. మాట మెత్తన, చెయ్యి నెమ్మది. ఆయన పట్టిన పని మళ్ళీ ముట్టుకోనక్కర్లేదని పేరు.

ఆ రోజు ఆదివారం. వాన జల్లు లోపలికి కొడుతోందని కిటికీ మూసేశారు, పొట్టు ఎగురుతోందని ఫ్యాను ఆపేశారు. సొరుగు ఊడలాగి, అడుగు పలక చిత్రిక పట్టి, ఉప్పుకాగితంతో రుద్దుతూ, నోటితో దుమ్ము ఊదుకుంటున్నారు. నేను టీ పట్టుకెళితే ఆ పలక నా ముందు పెట్టారు. సగందాకా నల్లగా ఉంది, మరక అంచు తడి ఆరనట్టుంది.

"ఈ కర్ర ఏదో తాగిందండీ టీచర్ గారూ. నూనె కాదు, పాలిష్ కాదు. ఎంత చిత్రిక పట్టినా లోపల్నుంచి వస్తానే ఉంది."

"ఏమై ఉంటుందండీ?"

"ఏవోనండి. నలభై ఏళ్ళలో ఇలాంటి వాసన చూళ్ళేదు."

మధ్యాహ్నం ఇంటికెళ్ళి, నమాజు చేసుకుని, భోంచేసి వచ్చారు. మూడింటివేళ నన్ను కేకేశారు. వెళ్ళి చూస్తే గోడకి ఆనుకుని కింద కూర్చుని ఉన్నారు. చొక్కా అంతా చెమటకి తడిసి ముద్దయింది. చేతులు వణుకుతున్నాయి.

"కళ్ళు మసకేస్తన్నాయండీ. లైటు తీసేశారా?"

లైటు వెలుగుతూనే ఉంది. ఇంతలో ఆయన వాంతి చేసుకున్నారు, నోటి వెంట చొంగ కారిపోతోంది. మా వారు ఆటో పిలుచుకొచ్చారు. ఆయన భార్యకి ఫోను చేసి, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం.

డ్యూటీలో ఉన్న డాక్టరు చిన్నమ్మాయి. టార్చి వేసి ఆయన కళ్ళలోకి చూసింది. రెండు కంటిపాపలూ ఆవగింజలంత అయి ఉన్నాయి. ఆ అమ్మాయి మొహం మారిపోయింది.

"ఏ మందు తాగారు?"

"మందేంటండీ?" అన్నాను.

"పురుగుల మందు. ఈ జిల్లాలో నేను రోజూ చూసేదే. ఏ మందో చెబితే మంచిది. దాచిపెడితే ఆయనకే ప్రమాదం."

అప్పటికే ఆయన భార్య వచ్చింది. బురఖా మీద వాన నీళ్ళు కారుతున్నాయి. ఆ మాట ఆవిడ చెవిన పడింది.

"మా ఆయన మందు తాగే మనిషి కాదమ్మా. అయిదు పూటలా నమాజు చేసే మనిషి. అంత పాపం తలపెట్టడమ్మా. పొద్దున్న నాతో నవ్వుకుంటా పనికెళ్ళాడు."

"అందరూ ఇలాగే చెబుతారమ్మా," అంది నర్సు, మెల్లగానే. అవుట్‌పోస్టు నుంచి కానిస్టేబులు పుస్తకం పట్టుకుని రానే వచ్చాడు. ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా అని ఆవిణ్ణి అడగడం మొదలుపెట్టాడు. ఆవిడ నావైపు చూసింది. మా ఇంట్లో ఏం జరిగిందో చెప్పమన్నట్టు ఉందా చూపు. నేను ఆయనకి ఏమైనా తాగించానా అన్నట్టు కూడా ఉంది.

అప్పుడు నాకు చీమల బారు గుర్తొచ్చింది. గోడమీంచి జారిపడ్డ బల్లి గుర్తొచ్చింది. లైటు తీసేశారా అన్న మాట. నేనూ అదే మాట రోజూ అంటున్నాను కదా.

"డాక్టరు గారూ, ఒక్కసారి నా కళ్ళు కూడా చూడండి," అన్నాను.

ఆ అమ్మాయి విసుగ్గా టార్చి ఇటు తిప్పింది. తర్వాత దగ్గరికి వచ్చి ఇంకోసారి చూసింది. రెండో కన్నూ చూసింది.

"మీరు ఎక్కడ ఉన్నారు ఇవాళ?" అంది.

చెప్పాను. బల్ల, సొరుగు, నల్లటి మరక, ఊదిన పొట్టు. వింటూనే ఆయన చొక్కా విప్పించి, ఒళ్ళంతా సబ్బుతో కడిగించింది. ఇంజెక్షన్ల మీద ఇంజెక్షన్లు. కానిస్టేబులు కలం మూసి పక్కకి నిలబడ్డాడు.

మేస్త్రిగారు తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. మొదటి మూడు రోజులు ఊపిరి యంత్రం మీదే. నన్ను ఒక రోజు ఉంచుకుని పంపేశారు. గదికి తాళం వేసి, అత్తయ్యగారిని పెదపాడులో మా ఆడపడుచు ఇంటికి పంపించాం. వెళ్ళేముందు ఆవిడ నన్నేం అనలేదు. అని ఉంటే బాగుండేది. మా వారు ముక్కుకి గుడ్డ కట్టుకుని, చేతులకి కవర్లు తొడుక్కుని, ఇంకో ఇద్దరి సాయంతో బల్లని పెరట్లోకి లాగి టార్పాలిన్ కప్పారు. కాల్చొద్దంది డాక్టరమ్మాయి. ఆ పొగ వీధి వీధినీ పడగొడుతుందంది. కాలవలో పారేయొద్దంది. పెరట్లోకి కాకులు రావడం మానేశాయని నాకనిపించేది. నిజమో, నా భయమో తెలీదు.

మేస్త్రిగారు కళ్ళు తెరిచాక నేను తాడేపల్లిగూడెం వెళ్ళాను. కొట్టాయన మొదట ఏమీ తెలీదన్నాడు. మేస్త్రిగారి సంగతి చెప్పాక మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"మండవల్లి అవతల చెరువుల మీద కొన్నానండి. వాసన ఉందని నాకూ తెలుసు. కానీ ఇలాగవుద్దని అనుకోలేదండి. పంపించెయ్యండి, వెనక్కి తీసుకుంటాను. రెండు పూతలు పాలిష్ కొడితే..."

"కొడితే?"

ఆయన ఊరి పేరు కాగితం మీద రాసిచ్చాడు.

మర్నాడే మా వారూ నేనూ మండవల్లి వైపు బయల్దేరాం. ఆకాశం మూసుకుని ఉంది. కైకలూరు రోడ్డు దిగాక రెండు పక్కలా చేపల చెరువులే, మధ్యలో కారు పట్టేంత గట్టు. నీళ్ళకి గాలి పట్టించే చక్రాలు చెరువుల్ని చిలుకుతున్నాయి. మేతబస్తాల వాసన, నీచు వాసన. ఎక్కడా మనిషి కనిపించలేదు. గట్టు చివర ఒక డాబా, దానికి కాస్త దూరంగా రేకుల షెడ్డు. షెడ్డు తలుపుకి తాళం ఉంది.

డాబాలో ఉన్నావిడకి నలభై ఏళ్ళుంటాయేమో. పుట్టిల్లు కొల్లేటికోట అని తర్వాత చెప్పింది. బల్ల మాట ఎత్తగానే నిలబడిపోయింది.

"అది మా మావగారిదండి. ఎవరో దొరగారు ఊరు వదిలి వెళ్తా అమ్మితే కొన్నారంట. మావగారు పోయాక మావారు షెడ్డులోకి మార్చుకున్నారు. చెరువు లెక్కలు, మందుల కాగితాలు అన్నీ అందులోనే పెట్టుకునేవారండి."

"మందు కూడా పెట్టేవారా అమ్మా?"

"చేపలకి పేను పడితే చల్లే మందండి. ఇప్పుడు అది అమ్మట్లేదంట. పాత సీసాలు మిగిలిపోయినియ్యి." మా ఇద్దరి మొహాలకేసి చూసింది. "ఎందుకండీ అడుగుతున్నారు?"

మేస్త్రిగారికి జరిగింది చెప్పాను. కర్ర మందు తాగిందనీ, ఆయన నోట చుక్క వేసుకోకుండానే ప్రాణం మీదికి వచ్చిందనీ, నా కళ్ళు కూడా అలాగే అయ్యాయనీ చెప్పాను. వింటూ వింటూ ఆవిడ గుమ్మంలో చతికిలబడింది.

"ఇంకోసారి చెప్పండి," అంది.

మళ్ళీ చెప్పాను.

ఆవిడ భర్త మూడేళ్ళ కిందట ఆ షెడ్డులోనే పోయాడు. పొద్దున్న చెరువు మీదకి వెళ్ళినవాడు భోజనానికి రాలేదు. ఈవిడ క్యారేజీ పట్టుకెళ్ళింది. లోపల బల్ల ముందు కుర్చీలోంచి జారి పడి ఉన్నాడు. నోట్లోంచి నురగ. పైన పగిలిన సీసా. ఆసుపత్రిలో కళ్ళు చూసి మందు తాగాడన్నారు, పోలీసులు అదే రాశారు. ముందు రోజు మొగుడూ పెళ్ళాలు కూతురి చదువు గురించి మాటామాటా అనుకున్నారు. అది పక్క చెరువు వాళ్ళు విన్నారు.

"అందరూ నన్నే అన్నారండీ. మా అత్తగారు చచ్చిపోయేదాకా నా చేతి మంచినీళ్ళు ముట్టలేదు. మా అమ్మాయి భీమవరంలో హాస్టల్లో ఉంటదండి. సెలవులకి వచ్చినా నా మొహం చూడదు. నాకే అనిపించేదండి, నేను ఆ మాట అనకపోతే..." షెడ్డు వైపు చూసింది. "సీసా పగిలిందే గాని తాగినట్టు లేదండి. తువ్వాలు తడిసిపోయి ఉంది. దాంతో తుడిచినట్టున్నారు. తుడిచి భుజాన వేసుకున్నారు. తాగి చావాలనుకున్న మనిషి బల్ల ఎందుకు తుడుస్తాడండీ? ఎవరూ అడగలేదండి. నేనూ అడగలేదు."

నేను ఆవిణ్ణి నిలదీయాలని వెళ్ళాను, నిజం చెప్పాలంటే. తెలిసి తెలిసి అమ్మిందనుకుంటూ కోపంతో వెళ్ళాను. ఆవిడ అమ్మింది దాన్ని కళ్ళతో చూడలేక.

"ఆ డాక్టరు గారి నోటితో వినాలండి," అంది. అప్పటికప్పుడు చీర మార్చుకుని మా కారులోనే వచ్చేసింది. దారి పొడుగునా కిటికీలోంచి చెరువులకేసి చూస్తూ కూర్చుంది. ఒక్కసారి మాత్రం, "కళ్ళు మసకేసి ఉంటాయి కదండీ ఆయనకి. పట్టపగలు చీకటి పడిందనుకుని ఉంటారు," అంది.

డాక్టరమ్మాయి అంతా వింది. "తలుపు మూసిన రేకుల షెడ్డు, ఒంటి మీద తడి తువ్వాలు. ఒక గంట చాలమ్మా. తాగక్కర్లేదు. కానీ ఇలాగే జరిగిందని ఖాయంగా చెప్పలేను."

"ఆ మాటే కాగితం మీద రాసిస్తారామ్మా? మా అమ్మాయికి చూపించుకుంటాను."

"నేను ఆయన్ని చూడలేదమ్మా. రాయలేను."

ఆవిడ తలూపింది. బయట వరండాలో నిలబడి కూతురికి ఫోను చేసింది. నేను కాస్త దూరంగా జరిగాను. అయినా వినపడింది. "నాన్న తాగలేదే. తుడిచారంతే." అవతల ఏమన్నారో తెలీదు. ఆవిడ ఫోను చెవికి పెట్టుకుని చాలాసేపు అలా నిలబడి ఉంది. ఏడుస్తున్న చప్పుడు ఫోనులోంచి వస్తోందో, ఈవిడదో తెలియలేదు.

బస్సు ఎక్కేముందు బల్లని ఒక్కసారి చూస్తానంది. మా పెరట్లోకి తీసుకొచ్చాను. మా వారు దూరం నుంచే టార్పాలిన్ సగం పైకెత్తారు. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చూసింది. తర్వాత అటూ ఇటూ వెతికింది.

"పై అర ఏదండీ?"

"ఏ పై అర?"

"దీని మీద అద్దాల తలుపుల బీరువా ఉంటదండి, విడిగా ఎత్తి పెట్టేది. రెండూ కలిపే అమ్మాను." ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది. "సీసాలు పెట్టింది అందులోనండి. పగిలిందీ అందులోనే. దీంట్లోకి కారింది మాత్రమేనండి."

నేను అక్కడే నిలబడి తాడేపల్లిగూడెం ఫోను చేశాను. కొట్టాయన విడివిడిగా అయితే త్వరగా పోతాయని అమ్మేశానన్నాడు. ఎవరికి? గుర్తులేదు. కొత్తగా కాపురం పెట్టినట్టున్న జంట, కారులో వచ్చారు, మీద కట్టుకుని పట్టుకెళ్ళారు. ఏ ఊరో అడగలేదు. ఆ అమ్మాయి మాత్రం అద్దాల తలుపులు చూసి ముచ్చటపడిందట, వంటింట్లో పప్పుల సీసాలకి బాగుంటుందని.

ఆ తర్వాత మేం చేయగలిగినవన్నీ చేశాం. మా బడిలో ప్రార్థన వేళ చెప్పించాను. వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాం. మండవల్లి ఆవిడ దగ్గర పాత ఫోటో ఒకటి దొరికింది. అందులో మావగారు కుర్చీలో కూర్చుని ఉంటే వెనక ఆ బీరువా కనిపిస్తుంది. దాన్ని ముద్రించి తణుకు, నిడదవోలు, భీమవరం బస్టాండ్లలోనూ, తాడేపల్లిగూడెంలో కొట్టాయన గోడమీదా అంటించాం. రెండు ఫోన్లు వచ్చాయి. ఒకటి వెళ్ళి చూస్తే ప్లైవుడ్డుది. ఇంకొకరు పాత సామాన్లు అమ్మాలనుకున్నవారు. వ్యవసాయాఫీసు వాళ్ళ వెంటపడితే, చివరికి మందుల వ్యర్థాలు తీసుకెళ్ళే బండి ఒకటి వచ్చి, బల్లని ప్లాస్టిక్కులో చుట్టి పట్టుకుపోయింది. మేస్త్రిగారు ఇంటికొచ్చారు. కుడిచెయ్యి ఇంకా సన్నగా వణుకుతుంది. ఉలి పట్టడం మానేసి, పని చూపించి చేయిస్తున్నారు. నేను వెళితే ఆయన భార్య టీ ఇస్తుంది, కూర్చోమంటుంది. కానీ మునుపటిలా ఎదురుగా కూర్చుని కబుర్లు చెప్పదు.

ప్రతి రెండో శనివారం నేను తాడేపల్లిగూడెం వెళుతున్నాను. కొట్టాయన గోడమీద మా కాగితం ఉందో లేదో చూసుకుని వస్తాను. మొన్న వెళ్ళేసరికి దాని మీద కొత్త క్యాలెండరు వేలాడుతోంది. ఆయన నన్ను చూసి తల దించుకున్నాడు. కొట్లో ఎవరో భార్యాభర్తలు పాత మంచం బేరం చేస్తున్నారు. ఆవిడ మంచంకోడు మీద వేళ్ళు ఆనించి, వంగి వాసన చూస్తోంది. నేను క్యాలెండరు తీసి పక్క మేకుకి తగిలించాను.